‘నువ్వు’ అంటే మర్యాద లేనట్టా?

సంపాదకుడు గారికి,

మాది కోనసీమ. ‘ఆయ్’, ‘అండి’ లేకుండా మాకు మాట సాగదు. ఉద్యోగరీత్యా వరంగల్ వెళ్లిన కొత్తలో ఇంటి ఓనరమ్మ "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, తిన్నవా?" అంటే, 40 ఏళ్ల నన్ను పట్టుకుని ‘నువ్వు’ అంటుందేంటని మనసు చివుక్కుమంది. వారం తిరక్కుండా జ్వరం పడితే ఆమే జావ కాచి తెచ్చి, "జర తాగు బిడ్డా" అంటూ పక్కనే కూర్చుంది. ఆ ‘బిడ్డా’లో ఎంత ఆపేక్ష ఉందో అప్పుడు తెలిసింది.

తెలంగాణ పల్లెల్లో ‘నువ్వు’ అంటూనే ‘అన్నా’, ‘కాకా’, ‘అవ్వా’ అని వరస కలుపుతారు. గౌరవం ఆ వరసలోనే ఉంటుంది. అంతెందుకు, మా ఇళ్లలో మాత్రం అమ్మను ‘మీరు’ అంటామా?

పైగా మా వైపు ‘అండి’ అందరికీ దక్కదు. ఇది చెప్పడానికి బాధగా ఉంది. టీ కొట్టులో నన్ను "కూర్చోండి" అన్న నోరే, గ్లాసులు కడిగే 60 ఏళ్ల మనిషిని "ఒరేయ్" అంది. ఆయన తలెత్తలేదు. అలాంటి మేము తెలంగాణ వాళ్లకు మర్యాద తెలియదని ఎలా అంటాం? ఆఫీసుల్లో ఈ మాట ఇంకా వినపడుతోంది. దయచేసి మానేద్దాం.

– ఒక పాఠకుడు, అమలాపురం