యూనియన్ లేకపోవడం గొప్ప ఎలా అవుతుంది?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా అనుబంధంలో పారిశ్రామిక వాడల మీద పూర్తి పేజీ కథనం వేశారు. రోడ్డు, కరెంటు, నీళ్లు, హైదరాబాద్‌కు దగ్గర అంటూ వసతులన్నీ వరుసగా రాసి, చివరన ‘యూనియన్ గొడవలు లేని ప్రాంతం’ అని చేర్చారు. హైదరాబాద్‌లోని ఆల్విన్, ప్రాగా టూల్స్ లాంటి పాత ఫ్యాక్టరీలు సంఘాల వల్లే మూతపడ్డాయన్న మాట కూడా ఎవరో చెప్పినట్టు పక్కనే వేశారు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని కొన్ని రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. లోహాన్ని తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద బతుకంతా గడిపిన నాకు ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు.

మా రోజుల్లో సంఘం తరగతులు పెట్టేది. ఇంజనీరింగ్ కార్మికుల సంఘాలు ఎలా పుట్టాయో అక్కడ చెప్పేవారు. 1851లో ఇంగ్లండులో ఫిట్టర్లు, టర్నర్లు, మిషన్లు తయారుచేసేవారు అప్పటిదాకా విడివిడిగా ఉన్న తమ సంఘాలను కలిపి అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ పెట్టుకున్నారు. వారానికి ఒక షిల్లింగు చందా. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. పని పోయినవాడికి, జబ్బుపడినవాడికి, ముసలివాడికి ఆ చందా డబ్బుతోనే సాయం అందేది. ఏడాది తిరగకుండానే యజమానులు లాకౌట్ ప్రకటించారు, అంటే గేట్లు మూసి పనివాళ్లను బయట నిలబెట్టారు. సంఘంలో ఉండనని సంతకం పెడితేనే పని అన్నారు. ఆకలికి తాళలేక చాలామంది సంతకం పెట్టి లోపలికి వెళ్లారు, అయినా సంఘం చావలేదు. 1871లో న్యూకాజిల్‌లో నెలల తరబడి సమ్మె చేసి తొమ్మిది గంటల పని సాధించుకున్నారు. 1897లో ఎనిమిది గంటలు అడిగితే మళ్లీ లాకౌట్, ఆ పోరాటంలో ఓడిపోయారు. 1920లో మరికొన్ని సంఘాలను కలుపుకొని అమాల్గమేటెడ్ ఇంజనీరింగ్ యూనియన్ అయింది. మన దేశంలో కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీ పుట్టింది కూడా ఆ 1920లోనే, లాలా లజపతిరాయ్ అధ్యక్షతన.

ఇదంతా పరాయి దేశం సంగతి అని మీ విలేకరి అనవచ్చు. మన సంగతే చెబుతాను. ఆల్విన్ 1942లో, ప్రాగా 1943లో నిజాం కాలంలోనే మొదలయ్యాయి. 1946లో హైదరాబాద్ రాజ్యంలో కార్మిక సంఘాలన్నిటినీ ఒక తాటి మీదకు తెచ్చినవారు మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్. ఆ మఖ్దూంను 1952లో ఉప ఎన్నికలో గెలిపించి శాసనసభకు పంపింది హుజూర్‌నగర్. ఒక కార్మిక నాయకుణ్ణి తలెత్తుకుని గెలిపించిన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, సంఘం లేకపోవడాన్ని మీ పత్రిక వసతుల జాబితాలో వేయడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇక మూతపడడం గురించి. పాత మిషన్ల మీదే పని చేయించి, కొత్తవాటికి డబ్బు పెట్టకుండా, బయటి సరుకు వచ్చి పడుతుంటే చూస్తూ కూర్చున్నది ఎవరు? ఆ నిర్ణయాలు తీసుకున్న గదుల్లో కార్మికుడికి కుర్చీ లేదు. సంఘాల తప్పు లేదని నేను అనడం లేదు. వాళ్ల పెద్ద తప్పు వేరే ఉంది. ఆ ఇంగ్లండు సంఘం చాలాకాలం నిపుణులను తప్ప మామూలు కూలీలను చేర్చుకోలేదు, ఆడవాళ్లకు 1943 దాకా తలుపు తీయలేదు. మన దగ్గరా అంతే, పర్మనెంటు వాళ్లు తమ వేతన ఒప్పందం చూసుకుని కాంట్రాక్టు కార్మికులను గాలికి వదిలేశారు. ఈ రోజు గేటు లోపల ఉన్నది ఎక్కువగా ఆ కాంట్రాక్టు పిల్లలే.

వాళ్ల పని ఎలా ఉందో చెబుతాను. రేకును అచ్చుతో నొక్కే పవర్ ప్రెస్ మిషన్‌కు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పై అచ్చు దిగాలి. చేతులు బటన్ల మీద ఉంటాయి కాబట్టి వేళ్లు లోపల పడవు. మా అన్న మనవడు పనిచేసిన ఒక కంపెనీలో ఒక బటన్‌కు చెక్కముక్క దోపి శాశ్వతంగా నొక్కి ఉంచారు. ఒక చేత్తో రేకు పెడుతూ ఇంకో చేత్తో మిషన్ నడిపితే గంటకు ఎక్కువ ముక్కలు వస్తాయట. వాడి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఐటీఐ చదివిన పిల్లవాడు. కార్మికుల బీమా ఈఎస్ఐ కార్డు అడిగితే కాంట్రాక్టర్ మారాడన్నారు. సంబంధిత కార్యాలయానికి వెళితే ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు, పెట్టాక తనిఖీకి ఎవరూ రాలేదు. సంఘం ఉన్న షాపులో ఆ చెక్కముక్క ఒక్క షిఫ్టు కూడా ఉండేది కాదు. మిషన్ ఆపి ముందు అది తీయించేవాళ్లం.

ఇప్పుడు చట్టాలు కూడా ఆ దారినే ఉన్నాయి. 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటలు మించకూడదని రాశారు, మించితే ఓటీ (అదనపు గంటల జీతం) ఇవ్వాలన్నారు. గంటలు లెక్కపెట్టేది ఎవరు? అదే ఏడాది నవంబర్‌లో కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి తెచ్చింది. ఫ్యాక్టరీ మూసేయడానికి ప్రభుత్వ అనుమతి వంద మంది ఉన్నచోట అవసరమయ్యేది, ఇప్పుడు మూడు వందలకు పెంచారు. మన జిల్లాల ఇంజనీరింగ్ షెడ్లలో మూడు వందల మంది ఉన్నవి ఎన్ని? ఈ లెక్క మీ అనుబంధంలో ఎక్కడా కనిపించలేదు.

పత్రికలు కూడా అప్పటిలా లేవు. సమ్మె జరిగితే ఇరువైపులా మాట వేసేవారు, ఒప్పందం కుదిరితే అంశాలన్నీ వేసేవారు. ఇప్పుడు కంపెనీ ప్రకటన పక్కనే కంపెనీ పొగడ్త వస్తోంది. మీ పేజీలో ఫొటో కింద ‘లేత్ మీద పనిచేస్తున్న యువకుడు’ అని రాశారు. అది మిల్లింగ్ మిషన్. లేత్‌లో జాబ్, అంటే చెక్కే లోహపు ముక్క తిరుగుతుంది, మిల్లింగ్‌లో కట్టర్ తిరుగుతుంది. షెడ్డులో ఉన్న ఎవరిని అడిగినా చెప్పేవారు. అడగలేదంటే ఆ యువకుడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదనే కదా అర్థం.

చౌటుప్పల్, బీబీనగర్, కొత్తూరు, జడ్చర్ల ఎక్కడికైనా సరే, సాయంత్రం షిఫ్టు మారే వేళకు మీ విలేకరిని గేటు బయటికి పంపండి. జీతం చీటీ మీద ఎవరి పేరు ఉందో, ఓటీ రెట్టింపు ఇస్తున్నారో లేదో, ఈఎస్ఐ కార్డు చేతికి వచ్చిందో లేదో అడిగించండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, అదే అనుబంధంలో, అంతే పెద్ద పేజీలో వేయండి.

– ఒక విశ్రాంత టర్నర్,
రామన్నపేట, యాదాద్రి భువనగిరి జిల్లా