కొమ్ములు లేని మూస్

టొరంటో,
మే 28

నాన్నగారికి నమస్కారాలు.

నేను పంపిన ఫొటో చూసి "ఇది గాడిదా, గుర్రమా? కొమ్ములేవీ?" అన్నారని అమ్మ చెప్పింది. ఫోనులో చెప్పబోతే మధ్యలో మీరే మాట్లాడతారు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అది మూస్. జింకల జాతిలో దీనికంటే పెద్దది లేదు. ఎదిగిన మగది భుజం దగ్గరే ఆరడుగులు ఉంటుంది. మన విశాఖ కంబాలకొండ అడవిలో మీరు చూసే కణుజు జింక దీని ముందు చిన్నదే. కొమ్ములు మగవాటికే వస్తాయి. అవీ చలికాలంలో రాలిపోతాయి. మే నెలలో నూగు కప్పిన మొండి కొమ్ములే ఉంటాయి.

మేము వెళ్లింది టొరంటోకు ఉత్తరాన అడవిలో ఉన్న అల్గాన్‌క్విన్ పార్కుకి. మీకు లెక్కలు ఇష్టం కదా: 1893లో ఏర్పడింది, 7,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో మన కంబాలకొండలు వంద పడతాయి. అంత అడవిలో ఎక్కడ వెతకాలని భయపడ్డాను గానీ, చలికాలం వెళ్లిన ఈ నెలల్లో అవే రోడ్డు పక్కకు వస్తాయి. చలికాలమంతా పుల్లలు కొరికి బతికిన ప్రాణికి ఒంట్లో ఉప్పు చాలదు. మంచు కరగడానికి పార్కు మధ్యగా పోయే 60వ నంబరు హైవే మీద చల్లిన ఉప్పంతా పక్క గుంటల్లోకి చేరుతుంది. చెరువుల్లో నీటిమొక్కలు ఎదిగేదాకా వాటికి ఆ నీళ్లే ఆధారం.

మీ అల్లుడు కారు పక్కకు తీసి ఇంజను ఆపారు. నేను కిందికి దిగలేదని అమ్మకు చెప్పండి. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడిస్తే మీదికి వస్తుందని అర్థమట. ఇది మాత్రం మమ్మల్ని లెక్కచేయకుండా తాగుతూనే ఉంది. కిటికీ అద్దం దించి, చలికోటు మడిచి దాని మీద లెన్సు ఆనించాను. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు కదా, కెమెరాను దాని మానాన వదిలేస్తే చీకటి అనుకుని బొమ్మను తెల్లబరుస్తుంది. భీమిలి దారిలో గేదెలను తీయిస్తూ మీరు నేర్పినట్టే వెలుగు ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించాను. మూతి మీది నీటిబొట్లు కూడా పడ్డాయి. కళ్లజోడు పెట్టుకుని మరోసారి చూడండి.

ఒంటి మీద వెంట్రుకలు ఊడి వికారంగా ఉందన్నారట. చలికాలపు బొచ్చు రాలే రోజులివి. పైగా ఇది ఏడాది పిల్ల అనుకుంటాను. కొత్త కాన్పుకు ముందు తల్లి పాత పిల్లను తరిమేస్తుంది. ఆ పొడుగు కాళ్లతో ఎటు పోవాలో తెలియనట్టు నిలబడిన తీరు చూశాక, కొమ్ముల మగది కనబడలేదన్న బాధే లేదు నాకు. తల్లి తరిమేసిన సంగతి మాత్రం అమ్మ దగ్గర అనకండి. నన్ను విమానం ఎక్కించిన రోజు తలచుకుని మళ్లీ మొదలుపెడుతుంది.

పెద్ద ఫైలు పంపుతున్నాను. డాబాగార్డెన్స్‌లో మీకు తెలిసిన స్టూడియోలో ప్రింటు వేయించండి. మెరిసే కాగితం వద్దు.

మీ అమ్మాయి