ఎమినోను రేవులో కార్డు తాకించిన అన్నగారికి

1991లో ఇస్తాంబుల్‌లో పడవ ఎక్కాలంటే జెటోన్ అనే బిళ్ల వేస్తే సరిపోయేది. అప్పుడు మిగిలిన ఒక బిళ్ల ఇన్నేళ్లూ నా పర్సులోనే ఉంది. మొన్న మళ్లీ వెళ్తే అంతా కార్డులే. నేను నడిచిన పాత గలాటా వంతెన కూడా 1992లోనే కాలిపోయిందట.

ఉన్న ఒక్క కార్డుతో మా ఆవిడ ముందు లోపలికి వెళ్లింది. నా వంతుకి అందులో డబ్బులు అయిపోయాయి. వెనక జనం, అవతల ఆసియా ఒడ్డుకి వెళ్లే ఉస్కుదార్ పడవ బయల్దేరబోతోంది. నా ఫోనేమో ఆవిడ సంచిలో! టెన్షన్‌తో పర్సు తీస్తుంటే జెటోన్ కింద పడింది.

మీరు వంగి తీశారు. అటూ ఇటూ తిప్పి చూసి ఫక్కున నవ్వారు. నా భుజం మీదుగా చెయ్యి చాపి మీ కార్డు తాకించారు. లీరాలు ఇవ్వబోతే నా గుప్పిట మూసేశారు. కుంటుతున్న నన్ను మోచెయ్యి పట్టుకుని పడవ దాకా నడిపించారు. పైగా మా ఇద్దరికీ టీ! నడుము సన్నటి ఆ చిన్న గ్లాసు వేడికి వేళ్లు కాలుతుంటే, అంచు దగ్గర పట్టుకోమని చూపించారు.

ఆసియా ఒడ్డున దిగేటప్పుడు జెటోన్ నా అరచేతిలో పెట్టి జనంలో కలిసిపోయారు. థాంక్స్ చెప్పడానికి నాకొచ్చిన ఒక్క టర్కిష్ మాటా ఆ కంగారులో నోటికి రాలేదు.

టెషెక్కూర్ ఎదెరిమ్, అన్నగారూ.