శుక్రవారం కూడిక, ఇంకో మాట

అందరికీ ప్రభువు పేరట వందనాలు. ఈ శుక్రవారం గృహ ప్రార్థన కూడిక విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లోనే, సాయంత్రం 7 గంటలకి.

నిన్న మనలో ఒక చెల్లి అడిగింది, “అక్కా, ఎంత ప్రార్థన చేసినా మనసు కుదుటపడట్లేదు, నా విశ్వాసంలోనే లోపమా?” అని. కాదమ్మా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు నీళ్ళు మా వీధిని ముంచినప్పుడు నేనూ డాబా మీద కూర్చుని ఒక్క ప్రార్థన పూర్తి చేయలేకపోయాను. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. “ప్రభువా” అనడం, ఆగిపోవడం. పడవ చప్పుడైతే పాల ప్యాకెట్ల కోసం పరుగు. మా అత్తయ్యకి బైబిల్లోని 46వ కీర్తన నోటికొచ్చు. నీళ్ళు ఘోషించి నురుగు కట్టే మాట దగ్గర ఆగి, కిందికి చూసి ఫక్కున నవ్వింది. అప్పుడు నాకు ఊపిరాడింది.

నీళ్ళు తీశాక తడిసిన బైబిల్‌ని ఫ్యాను కింద పెట్టి ఒక్కో పేజీ విడదీశాం. ఫిలిప్పీ పత్రిక (అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం) దగ్గర బురద మరక ఇంకా పోలేదు. శుక్రవారం అక్కడే, 4వ అధ్యాయం 6, 7 వచనాలు చదువుదాం. దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, హృదయానికి కావలి ఉంటుందని పౌలు రాసింది సంకెళ్ళు ఊడాక కాదు, బంధకాల్లో ఉండగానే.

అన్నట్టు, నిద్ర పట్టక మందులు వాడుతున్నవాళ్ళు ప్రార్థన పేరు చెప్పి మానేయకండి. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా!

మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకురండి. పాటల పుస్తకాలు మీవి, టీ మాది.