కిరణం ఎక్కడ ఆగిందో చూసే కన్ను కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన ప్రాంతానికి ప్రోటాన్ క్యాన్సర్ చికిత్సా కేంద్రం కావాలంటూ ఈ మధ్య మీ పేజీలో పాఠకులు రాసిన ఉత్తరాలు చదివాను. నేనూ కావాలనే అంటాను. మా అమ్మాయి కొడుక్కి ఏడేళ్లు. ముక్కు వెనక, పుర్రె అడుగున గడ్డ వచ్చింది. నిరుడు వేరే రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో ప్రోటాన్ చికిత్స, అంటే ప్రోటాన్లనే సూక్ష్మ కణాల కిరణంతో గడ్డను చంపే రేడియేషన్, చేయించాం. ఆరు వారాలు అక్కడే గది అద్దెకు తీసుకుని, స్టవ్వూ గిన్నెలూ మోసుకెళ్లి వండుకున్నాం. ఈ సౌకర్యం మంగళగిరిలోనో గుంటూరులోనో ఉంటే ఎంత హాయో మాలాంటి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ మిషన్ ఒక్కటే అడిగితే చాలదు. దాంతోపాటు, కిరణం ఒంట్లో ఎక్కడ ఆగిందో చికిత్స జరుగుతుండగానే చూసే ఏర్పాటు కూడా ఇప్పుడే, టెండరు కాగితాలు రాయకముందే అడగాలి. ఎందుకో మా ఇంట్లో జరిగిన సంగతితో చెబుతాను.

చికిత్స నాలుగో వారంలో పడింది. ప్లాస్టిక్ వలను వేడి నీళ్లలో మెత్తబరిచి, పిల్లవాడి ముఖం మీదే అచ్చు వేసి చేసిన మాస్కు ఒకటి ఉంటుంది. తల కదలకుండా దాన్ని బల్లకు బిగిస్తారు. విప్పాక వాడి బుగ్గల మీద ఆ వల గళ్లు అరగంట సేపు కనిపించేవి. ఒక సోమవారం వాడు చీదుకుంటూ నిద్ర లేచాడు. జలుబే కదా అని మేం పెద్దగా పట్టించుకోలేదు. మాస్కు బిగించేటప్పుడు ఊపిరాడదేమోనని మా అమ్మాయి మాటవరసకు టెక్నీషియన్‌తో అంది. ఆయన చేతిలో పని ఆపి, కిరణం లెక్కలు చూసే ఫిజిసిస్టును పిలిచాడు. ఆ రోజు చికిత్స ఆపేసి మళ్లీ సీటీ తీశారు.

ఆ కుర్రాడు, అదే ఫిజిసిస్టు, అపాయింట్‌మెంట్ చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు. "ఇక్కడ గాలి ఉందనుకుని మేం ప్లాన్ వేశాం మేడమ్. ఇప్పుడు చీమిడి నిండింది" అన్నాడు. గాలిలో ప్రోటాన్లు దాదాపు ఏమీ పోగొట్టుకోకుండా సాగిపోతాయి. చీమిడి నీళ్లలాంటిది. రెండు సెంటీమీటర్ల ఖాళీ చీమిడితో నిండితే, ఆ దారిలో వెళ్లే ప్రోటాన్లు దాదాపు రెండు సెంటీమీటర్లు ముందే ఆగిపోతాయి. గడ్డ వెనక అంచుకు డోసు అందదు. ఇది తిరగబడినా ముప్పే. ప్లాన్ వేసిన రోజు జలుబు ఉండి తర్వాత తగ్గిపోతే, కిరణం గడ్డ దాటి మెదడు కాండం వైపు పోతుంది.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఊరుకోలేకపోయాను. "మరి రోజూ ఇది ఎక్కడ ఆగుతోందో మీకెలా తెలుస్తుంది బాబూ?" అని అడిగాను. దాచకుండా చెప్పాడు. "లెక్క ప్రకారం తెలుసు మేడమ్. వారానికోసారి స్కాన్ తీసి సరిచూస్తాం. లోపల ఆగుతున్నప్పుడు మాత్రం చూడలేం." ఆ ఆసుపత్రి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లు చేయాల్సింది చేశారు, పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. కానీ ఆ రోజు తేడాను పట్టించింది ఒక తల్లి యథాలాపంగా అన్న మాట. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మామూలు రేడియేషన్‌లో వాడే ఎక్స్‌రే ఒంట్లోంచి దూసుకుపోయి అవతలకు వస్తుంది. దారి పొడవునా ఎంతో కొంత డోసు వదులుతూనే ఉంటుంది. ప్రోటాన్ అలా కాదు. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ శక్తి వదిలి, చివరి కొద్ది మిల్లీమీటర్లలో ఉన్నదంతా ఇచ్చేసి ఆగిపోతుంది. 15 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పంపితే నీళ్లలో సుమారు 16 సెంటీమీటర్లు పోతుంది, అంతే. దీన్ని వైద్యానికి వాడొచ్చని రాబర్ట్ విల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1946లోనే రాశాడు. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో మొదటి రోగికి ఇచ్చారు. మన దేశంలో 2019లో చెన్నైలో ఒక ప్రైవేటు కేంద్రం మొదలైంది. 2023లో నవీ ముంబయి ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వాళ్లు మొదలుపెట్టారు.

ఆగడమే దీని గొప్ప, ఎక్కడ ఆగిందో కచ్చితంగా తెలియకపోవడమే దీని చిక్కు. సీటీ స్కాన్ ఎక్స్‌రేతో తీసింది. అందులోని అంకెల్ని ప్రోటాన్ లెక్కలోకి మార్చేటప్పుడే కొంత తేడా వస్తుంది. పైగా మనిషి బరువు తగ్గుతాడు, గడ్డ కరుగుతుంది, పేగుల్లో గ్యాస్ కదులుతుంది. అందుకని చాలాచోట్ల లోతులో మూడున్నర శాతం, దాని మీద ఇంకో ఒకటి రెండు మిల్లీమీటర్లు మార్జిన్ పెట్టుకుంటారు. 15 సెంటీమీటర్ల లోతున ఉన్న గడ్డకు అది 6 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే కిరణం దారిలో గడ్డకు ముందూ వెనకా ఉన్న మంచి కండకు కూడా అంతమేర డోసు ఇవ్వక తప్పదు. సున్నితమైన అవయవం గడ్డకు సరిగ్గా వెనకే ఉంటే, కిరణాన్ని నేరుగా దాని వైపు పంపడానికి డాక్టర్లు జంకుతారు. పక్క నుంచి తిప్పి పంపుతారు. ఇన్ని కోట్లు పోసి కొన్న మిషన్‌కున్న అసలు బలాన్ని పూర్తిగా వాడుకోలేకపోతున్నట్టే కదా!

కృష్ణా డెల్టా రైతులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సీతానగరం దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలామని రిజిస్టరులో రాసినంత మాత్రాన చివరి భూములకు నీళ్లు చేరినట్టు కాదు. లస్కరు కాలువ గట్టు వెంట నడిచి, చివరిదాకా వెళ్లి చూసొస్తేనే తెలుస్తుంది. ప్రోటాన్ చికిత్సకు అలాంటి లస్కరు కావాలి.

ఆ పని గామా కిరణాలు చేయగలవు. ఇవి ఎక్స్‌రే లాంటివే, కేంద్రకాల నుంచి వస్తాయి. ప్రోటాన్లు వెళ్తూ వెళ్తూ దారిలో కొన్ని కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలను తాకుతాయి. అవి ఉలిక్కిపడ్డట్టు ఆ క్షణంలోనే గామా కిరణాలు వదులుతాయి. కార్బన్ నుంచి 44 లక్షల, ఆక్సిజన్ నుంచి 61 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చే కిరణాలు వీటిలో ముఖ్యమైనవి. అవి ఒంట్లోంచి బయటికి వచ్చేస్తాయి. ప్రోటాన్ ఆగిన చోటి దగ్గరే ఇవి రావడమూ ఆగిపోతుంది. కాబట్టి పక్కన కెమెరా పెట్టి పట్టుకుంటే, కిరణం ఎంత లోతుకు పోయిందో చికిత్స జరుగుతుండగానే కనిపెట్టొచ్చు. దీనికోసం రోగికి అదనంగా రేడియేషన్ ఇవ్వక్కర్లేదు. ఎలాగూ బయటికి పోతున్న కిరణాలే ఇవి. 2015లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో, సన్నటి చీలిక ఉన్న టంగ్‌స్టన్ దిమ్మె వెనక డిటెక్టర్లు అమర్చిన ఇలాంటి కెమెరాను తల, మెడ భాగంలో క్యాన్సర్ ఉన్న రోగి చికిత్సలో మొదటిసారి వాడారు. మా వాడి జలుబులాంటిది ఇలాంటి కెమెరాకు ఆ పూటే దొరికే అవకాశం ఉంది.

ఇంకో దారి పెట్ స్కాన్. ప్రోటాన్ల వల్ల ఒంట్లో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం పుడుతుంది, దాన్ని ఆ స్కాన్‌లో చూడొచ్చు. అందులో కార్బన్-11 సగం కావడానికి 20 నిమిషాలు, ఆక్సిజన్-15కు 2 నిమిషాలు పడుతుంది. చికిత్స అయ్యాక స్కాన్ గదికి తీసుకెళ్లేలోపే చాలావరకు తగ్గిపోతుంది, రక్తం కొంత మోసుకుపోతుంది. అందుకే అక్కడికక్కడే వచ్చే గామా మీద నాకు ఆశ ఎక్కువ.

గామా కెమెరా తేలికైన పని అని మాత్రం అనను. థైరాయిడ్, ఎముకల స్కాన్‌కు వాడే గామా కెమెరా దీనికి పనికిరాదు. ఆ స్కాన్లలో వాడే టెక్నీషియం అనే పదార్థం కిరణాల కన్నా ఇవి 30 రెట్లకు పైగా శక్తి గలవి. పైగా ప్రోటాన్ల తాకిడికి పుట్టే న్యూట్రాన్లు కెమెరాను గందరగోళపెడతాయి. ఒక్కో చోట కిరణం నిలిచేది సెకనులో చిన్న భాగం, ఆ కాస్తలో లెక్కకు అందే గామాలు కొన్నే. ప్రపంచంలో చాలా ప్రోటాన్ కేంద్రాల్లో ఇది ఇంకా రోజువారీ పనిలోకి రాలేదు. అందుకే ముందుచూపుతో అడగమంటున్నాను.

మన ప్రజాప్రతినిధులు, వైద్యశాఖ అధికారులు చికిత్సా కేంద్రం కోసం ప్రయత్నిస్తే మెచ్చుకుంటాను. కానీ ఆ టెండరులో, కిరణం ఎక్కడ ఆగిందో చికిత్స సమయంలోనే సరిచూసే ఏర్పాటు ఏమిటో కంపెనీ రాసివ్వాలని షరతు పెట్టండి. ఇప్పుడు కుదరకపోతే తర్వాత కెమెరా అమర్చుకోవడానికి చికిత్స గదిలో చోటూ, మిషన్ సంకేతాలు అందుకునే వీలూ ముందే ఉండాలి. కాంక్రీటు పోశాక గోడలు పగలగొట్టలేం. స్కాన్లు మళ్లీ తీయడం ప్యాకేజీలోనే కలపాలి, ఆ రోజు తల్లిదండ్రులు బిల్లు చూసి వెనకాడకూడదు. మెడికల్ ఫిజిసిస్టుల పోస్టులు మిషన్‌తోపాటే మంజూరు కావాలి. గుంటూరు, విజయవాడ మధ్యనే నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఫిజిక్స్ చదివే మన పిల్లలు అక్కడే డిటెక్టర్ల మీద పని నేర్చుకునే వీలు కల్పించాలి.

ఆసుపత్రుల వాళ్లకూ ఒక మనవి. ఈ మధ్య మా వీధిలో పంచిన ఒక కరపత్రంలో "మిల్లీమీటరు కూడా తప్పదు" అని ప్రోటాన్ గురించి రాశారు. దయచేసి అలా రాయకండి. మార్జిన్ ఎంత పెడుతున్నారో, ఎన్ని రోజులకోసారి స్కాన్ తీస్తారో ఇంటివాళ్లకు చెప్పండి. జలుబు చేసినా, బరువు తగ్గినా వెంటనే చెప్పమని మొదటి రోజే తెలుగులో రాసి చేతికివ్వండి. మాకు ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు. చికిత్స మొదలుపెట్టే ముందు ఇలాంటివి అడగాలనుకునే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, ఈ ఉత్తరం కత్తిరించి ఫైల్లో పెట్టుకుని డాక్టరు గారి ముందు పెట్టండి.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు