అమ్మ పళ్ళ సెట్టు దొరికిన రాత్రి

వడపళని, మద్రాసు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ కలెక్టరూ,

ముందు క్షమించు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. ఫోన్ చేయొచ్చుగా అంటావు. రెండుసార్లు నీ నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదురా. చివరిదాకా చదువు, ఎందుకో నీకే తెలుస్తుంది.

మిగతా కబుర్లు గబగబా చెప్పేస్తాను. చిన్నదానికి హోసూరులో ఉద్యోగం వచ్చింది. నా బీపీ మాత్ర మార్చారు. ఆర్కాట్ రోడ్డు మెట్రో పనుల పుణ్యమా అని ఇంటికి సందుల్లోంచే రావాల్సి వస్తోంది. పోయిన వారం ట్రిప్లికేన్ వెళ్ళాను. మనం కలిసున్న మేన్షన్ అలాగే ఉంది, గోడల రంగు మారిందంతే. మన గది కిటికీకి ఇప్పటికీ లుంగీయే కర్టెన్! కింద నిలబడి కాసేపు చూశాను. పైనుంచి ఎవరో కుర్రాడు "ఎన్న సార్?" అని అడిగాడు. ఏం చెప్పను?

సరే, అసలు విషయం. అక్కాబావల పెళ్ళయి 40 ఏళ్ళయిందని అందరం కలిసి ఓడ ఎక్కాం. నేను, మా ఆవిడ, అక్క, బావ, అమ్మ. అమ్మకి 81, పడవ ప్రయాణం ఏమిటని నేను భయపడ్డాను గానీ అందరికంటే ముందు ఆవిడే చీరలు సర్దుకుంది. సింగపూర్ దాకా నాలుగు గంటలు విమానం. అక్కడ ఓడ ఎక్కితే పెనాంగ్, ఫుకెట్ చూపించి నాలుగు రాత్రుల తర్వాత మళ్ళీ సింగపూర్లోనే దింపుతారు. సముద్రం, సూర్యోదయం, అవన్నీ నువ్వొచ్చినప్పుడు ఫోటోల్లో చూద్దువుగాని.

టిప్పు సంగతి ముందు చెప్పాలి. ఈ ఓడల్లో టిప్పు మనం ఇచ్చేది కాదు, వాళ్ళే వేసుకునేది. మేమెక్కినదాంట్లో మనిషికి రోజుకు 16 డాలర్లు, గది ఖాతాలో కలిపేస్తారు. ఇంకా ఎక్కువ వేసే కంపెనీలు కూడా ఉన్నాయి. పైగా ఏ జ్యూసో తాగితే ఆ బిల్లు మీద 18 శాతం వేరే. అయిదుగురికి, నాలుగు రాత్రులకి 320 డాలర్లు. మన డబ్బులో 27 వేల పైమాటే. వెనకటికి పద్ధతి వేరట. ఆఖరి రాత్రి ప్రయాణికులు కవర్లలో డబ్బు పెట్టి గది సర్దినవాడికి ఒకటి, వడ్డించినవాడికి ఒకటి, వాడి అసిస్టెంటుకి ఒకటి, చేతికే ఇచ్చేవాళ్ళట.

బావ సంగతి నీకు తెలుసుగా, అన్నవరంలో కొబ్బరికాయల లెక్క గుర్తుందా! ఆయన మొదటి రోజే అన్నాడు, "అడక్కుండా వేసేది టిప్పెలా అవుతుందిరా? కౌంటర్లో చెబితే తీసేస్తారట. ఆ డబ్బేదో మనకి చేసినవాళ్ళ చేతుల్లో మనమే పెడదాం" అని. నేను వెంటనే సరేనన్నాను. ఆయన మాట విని కాదు. నాకు హార్లిక్స్ సీసా గుర్తొచ్చింది.

నీకు మాత్రం గుర్తుండదా! మనం పనిచేసిన హోటల్లో ముదలాళి, అదే ఓనరు, గల్లాపెట్టె పక్కన, మూతకి చిల్లు పెట్టి. వచ్చిన టిప్పంతా అందులో వేయాలి, ఒకటో తారీకున అందరికీ పంచుతాననేవాడు. ఒకటో తారీకు రాగానే పగిలిన గ్లాసుల లెక్క తీసేవాడు. ఏడాదిన్నరలో ఆ సీసాలోంచి మనకి దక్కిందెంత? అందుకే ఎవరో పోగుచేసి పంచుతామంటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండో రోజు పొద్దున నేనూ బావా కౌంటరు దగ్గరికి వెళ్ళాం. అక్కడి అమ్మాయి ఒక్కటే అడిగింది, సర్వీసులో ఏమైనా లోటు జరిగిందా అని. లేదన్నాం. ఒక కాగితం ఇచ్చింది, సంతకాలు పెట్టాం. పని అయిదు నిమిషాల్లో అయిపోయింది.

మా టేబుల్ దగ్గర వడ్డించేవాడికి అసిస్టెంటు ఒక కుర్రాడు. మొదటి రాత్రి అమ్మ పప్పులో ఉప్పు చాల్లేదని నాతో అంటే, వెనకనుంచి "తెస్తాను మామ్మగారూ" అన్నాడు. సోంపేట అబ్బాయి! ఇక అమ్మని పట్టలేకపోయాం. వాడి ఊరు, వాడి అమ్మ, చెల్లెలి పెళ్ళి, అన్నీ రెండు పూటల్లో తెలుసుకుంది. ఏడు నెలల కాంట్రాక్టు, వారానికొక సెలవు అనే మాటే లేదు. నీటి మట్టానికి కింద ఇద్దరికో గది, మంచం మీద మంచం. ఓడ ఈ చివరినుంచి ఆ చివరికి సిబ్బంది నడిచే పొడవాటి దారి ఒకటుందట, దాన్ని వాళ్ళు ఐ-95 అంటారు, అమెరికాలో పెద్ద హైవే పేరు. మనం తిరిగే కార్పెట్లు, అద్దాల లిఫ్టులు ఒక లోకం, వీళ్ళది ఇంకో లోకం.

మూడో రాత్రి. భోజనంలో ఏదో గట్టిగా తగిలి అమ్మకి చిగురు ఒరుసుకుంది. ఎవరూ చూడకుండా పళ్ళ సెట్టు తీసి, కాగితం నాప్కిన్‌లో చుట్టి, ప్లేటు పక్కన పెట్టుకుంది. మాటల్లో పడి మర్చిపోయి లేచొచ్చేసింది. గదికొచ్చాక పదిన్నరకి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "రేయ్, నా పళ్ళేవిరా?" అంది.

పరుగెత్తాను. హాల్లో దీపాలు సగం ఆర్పేశారు, టేబుళ్ళ మీద మర్నాటి గుడ్డలు పరిచేస్తున్నారు. సోంపేట అబ్బాయి ఉన్నాడు, నా అదృష్టం. చెప్పగానే వాడి మొహం మారిపోయింది. "మిగిలిన తిండి గ్రైండర్లోకి పోతుంది సార్. అందులో పడితే మాత్రం..." అని ఆగిపోయాడు. "కాగితాలు వేరే సంచిలో వేస్తాం. ఆ సంచులు కిందికి వెళ్ళిపోయాయి. చూద్దాం, మీరు గదిలో ఉండండి" అని ఆప్రన్ విప్పకుండానే వెళ్ళిపోయాడు.

గదిలో అమ్మ మంచం మీద కూర్చుని ఒక్క మాట లేదు. గది సర్దే అబ్బాయి తువ్వాలుతో చేసి పెట్టిన ఏనుగుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పళ్ళు లేకపోతే అమ్మ మొహం ఎంత చిన్నదైపోతుందో నేనెప్పుడూ అంత సేపు చూడలేదురా. "మీ అందరి సంబరం పాడుచేశాను" అంది. నేనేమీ అనలేకపోయాను.

ఒంటిగంటా పదికి తలుపు కొట్టారు. సోంపేట అబ్బాయే. చేతిలో కాఫీ కప్పు, మీద సాసరు మూత. తీసి చూస్తే చన్నీళ్ళలో అమ్మ పళ్ళు. శుభ్రంగా కడిగి, ఒక్క విరుపు లేకుండా! అమ్మ ఆ కప్పు రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చేసింది.

నేను జేబులోంచి 20 డాలర్లు తీశాను. వాడు పుచ్చుకోలేదు. "నేను వెతకలేదు సార్, నేను చెప్పానంతే. కింద చెత్త గదిలో ఆయన వెతికారు" అన్నాడు. ఇండోనేషియా ఆయనట. ఓడలోంచి ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా సముద్రంలో పడకూడదు, 1988 నుంచీ అంతర్జాతీయ నిబంధన అది. అందుకని ప్రతి సంచీ బల్ల మీద బోర్లించి చేతులతో వేరు చేస్తారు. కాగితం కాల్చేదానికి, గాజు ఒకవైపు, డబ్బాలు ఒకవైపు. ఆ రాత్రి ఆయన డ్యూటీ అయిపోయిందట. మళ్ళీ గ్లవుజులు తొడుక్కుని, కాల్చడానికి కట్టిపెట్టిన సంచులన్నీ విప్పాడు. మూడు వేలమంది మూతులు తుడుచుకున్న కాగితాలు ఒక్కొక్కటీ విప్పి చూశాడు.

నాకు మాట రాలేదు. "పోనీ ఇది నీకు, ఆయనకి వేరే ఇస్తాను" అన్నాను. వాడు చాలా ఇబ్బంది పడుతూ చెప్పాడు. "మీ గదులు టిప్పు తీయించాయి కదా సార్. మా సూపర్‌వైజర్‌కి లిస్టు వస్తుంది. అలాంటి గదులవాళ్ళు చేతికిచ్చినా మేం పైన అప్పజెప్పాలి, మా కంపెనీ రూలు. ఉంచేసినవాళ్ళు పైన ఇంకేమైనా ఇస్తే అది మాది." దెప్పుతున్నట్టు కాదు, మా ఊళ్ళో బస్సు ఇన్నింటికి అని చెప్పినట్టు చెప్పాడు.

ఆ 16 డాలర్లు ఎవరెవరికి పోతాయని అడిగాను. గదులు సర్దేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, లాండ్రీలో దుప్పట్లు ఉతికేవాళ్ళు, లోపల అంట్లు తోమేవాళ్ళు. వాడి నెల జీతంలో సగానికి పైగా ఈ టిప్పేనట. చెల్లెలి పెళ్ళి అప్పు అందులోంచే తీరుతోంది. చెత్త గది ఆయనకి మాత్రం అందులో వాటా లేదు, వేరే డిపార్ట్‌మెంటు. అంటే కలెక్టరూ, నేను హార్లిక్స్ సీసా అనుకుని పగలగొట్టింది, అంట్ల దగ్గర నిలబడేవాడికి ఏదైనా అందే ఒకే ఒక్క దారి. మనకప్పుడు అలాంటిది ఒకటుండి, ముదలాళి చెయ్యి దానిమీద పడకుండా ఉండి ఉంటే... సరే వదిలేయ్.

వాడు వెళ్ళేసరికి రెండైంది. ఆరింటికి టిఫిన్ డ్యూటీ. 24 గంటల్లో పది గంటలైనా విశ్రాంతి ఇవ్వాలని ఓడ ఉద్యోగులకి అంతర్జాతీయ చట్టం ఉందట, 2013 నుంచి అమల్లో ఉంది. ఆ రాత్రి వాడి నిద్ర మాత్రం మావల్లే పోయింది.

పొద్దున కౌంటరు తెరవగానే వెళ్ళి మా ముగ్గురి టిప్పూ మళ్ళీ వేయమన్నాను. కాగితం నింపుతుంటే వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి చూస్తే బావ. రాత్రంతా అక్క చెప్పినట్టుంది. ఒక్క మాట మాట్లాడలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని తమ గది నంబరు కూడా రాశాడు. చెత్త గది ఆయన కోసం కౌంటర్లో రెండు కవర్లు అడిగి తీసుకున్నాడు. ఒకటి నాకిచ్చి, రెండోదాంట్లో తనే 50 డాలర్లు పెట్టాడు. నేనూ అంతే పెట్టాను. సోంపేట అబ్బాయికీ, గది సర్దే అబ్బాయికీ విడిగా ఇచ్చాం. వాళ్ళ పేర్లు అభిప్రాయాల కాగితంలో తప్పులు లేకుండా రాశాం. మళ్ళీ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు అవి చూస్తారట.

చెత్త గదికి మనల్ని వెళ్ళనివ్వరు. ఆ సాయంత్రం హెడ్ వెయిటరు ఆయన్నే రెండు నిమిషాలు హాలు తలుపు దగ్గరికి తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టి, అప్పుడే స్నానం చేసొచ్చినట్టు తల తడి, సబ్బు వాసన. కార్పెట్ మీదికి రాలేదు, తలుపు అవతలే నిలబడ్డాడు. అమ్మే అవతలికి వెళ్ళింది. పళ్ళు పెట్టుకుని ఆయన్ని చూసి నవ్వింది. తన బొడ్డుసంచిలోంచి మన 500 నోటు తీసి "మీ పిల్లలకి" అంది తెలుగులోనే. ఆయన కుడిచెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూశానురా. రోజంతా గ్లవుజుల్లో చెమటకి నాని, వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి, వేళ్ళ సందుల్లో చర్మం ఊడి ఎర్రగా ఉంది. కవరు ఇస్తూ ఆ చేతిని వదల్లేకపోయాను. ఆయన కంగారుపడ్డాడు కూడా. అది నీ చెయ్యిరా. 1992లో నీ చెయ్యి.

ఇప్పుడు చెబుతాను. సప్లయరుగా నాకు దక్కిన చిల్లరలో సగం నీకిచ్చేవాణ్ణని నువ్వు ఇప్పటికీ అందరికీ చెబుతావు. మా చిన్నదాని ఓణీల ఫంక్షన్‌లో కూడా మైకు పట్టుకుని చెప్పావు. ఒకరోజు ఇవ్వలేదు. పాండీ బజార్లో పెళ్ళి బట్టలు కొనడానికి వచ్చిన గుంటూరు వాళ్ళు, పదిహేను మంది. వాళ్ళలో పెద్దాయన వెళ్తూ వెళ్తూ సోంపు ప్లేటులో 50 రూపాయల నోటు పెట్టి, "గ్లాసులు తళతళలాడుతున్నాయి బాబూ, సగం నీకు, సగం లోపల కడిగే కుర్రాడికి" అన్నాడు. నేను సీసాలోనూ వేయలేదు, నీకూ చెప్పలేదు. పరీక్ష ఫీజుకి అంతే తక్కువైంది. ఆ రాత్రే గదిలో నువ్వు వేళ్ళకి మందు కొనుక్కోవాలి, పది రూపాయలుంటే ఇవ్వమన్నావు. లేవన్నాను. చొక్కా జేబులో నోటు ఉంది. నువ్వు కొబ్బరినూనె రాసుకుని, చేతులు దుప్పటి బయట పెట్టుకుని పడుకున్నావు.

ఇన్నేళ్ళలో చాలాసార్లు నోటిదాకా వచ్చింది. నీ కూతురి పెళ్ళిలో చెబుదామనుకున్నాను, మీ ఆవిడ పక్కనే ఉంది. మెరీనాలో ఆ రోజు వాన రాకపోయి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఇప్పుడు క్షమించమని అడగడానికి కూడా... నువ్వు నవ్వేస్తావని తెలుసు. నవ్వకు. చదివి ఊరుకో, లేదా రెండు తిట్లు రాసి పంపు.

వచ్చే నెల నువ్వు ఎగ్మోర్‌లో దిగే తారీకు చెప్పు, స్టేషనుకి వస్తాను. ఆ పెద్దాయన నీకిచ్చిన పాతిక నా దగ్గరే ఉంది, అది నీ చేతికే ఇవ్వాలి. ఇంకో సంగతి, ఆ సోంపేట అబ్బాయి కాంట్రాక్టు అయ్యాక ఊరెళ్తూ మద్రాసులో ఆగుతానన్నాడు, అమ్మ వాడికి సున్నుండలు చేస్తానని అప్పుడే మినుములు... ఆటో వచ్చేసింది. అమ్మ పిలుస్తోంది, అయిదున్నరకి పళ్ళ డాక్టరు. సెట్టు కాస్త వదులైంది, సరిచేయించాలి. ఉంటాను.

నీ
సప్లయరు