పళ్లెం వెనక్కి వచ్చేది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రైళ్లలో డైనింగ్ కార్ల చరిత్ర మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1868లో అమెరికాలో జార్జ్ పుల్‌మన్ తన భోజనాల బోగీకి న్యూయార్క్‌లో పేరుమోసిన హోటల్ పేరు ‘డెల్మోనికో’ అని పెట్టుకోవడం, 1879లో లండన్–లీడ్స్ దారిలో ఇంగ్లండ్‌కు మొదటి డైనింగ్ కారు రావడం, అన్నీ చక్కగా రాశారు. ఫొటో కింద వేసిన వాక్యం మాత్రం తప్పు. మీరు వేసింది డైనింగ్ కారు ఫొటో కాదు, ప్యాంట్రీ కారుది. బోగీ పక్కన రాసిన అక్షరాల్లో ‘సీబీ’ అని కనబడుతూనే ఉంది. సీడీ అంటే డైనింగ్, జనం బల్లల ముందు కూర్చుని తినే బోగీ. సీబీ అంటే ప్యాంట్రీ, వంట మాత్రమే చేసే బోగీ. ఒక్క అక్షరానికి ఉత్తరమా అనుకుంటారేమో. ఆ ఒక్క అక్షరం మారిన ఏడాదే మా నాయిన ముసలివాడైపోయాడు.

నాయిన డైనింగ్ కార్లో వంటమాస్టరు. మాది మంచిర్యాల దగ్గర పల్లె. ఇక్కడ బల్లార్షాలో కాగితం మిల్లు పెట్టిన కొత్తల్లో మా తాత వర్ధా నది దాటి పనికి వచ్చాడు. తాత మిల్లుకు పోయేవాడు, నాయిన బండెక్కేవాడు. బల్లార్షాలో ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ, స్టేషన్లో హిందీ. నాయినకు ఇంకో భాష కూడా వచ్చేది. కట్లెట్, కస్టర్డ్, రోస్ట్ అని ఇంగ్లిషులో వండేవాడు, అక్షరం మాత్రం చదవలేడు.

మీ వ్యాసంలో మా లైను ఊసే లేదు కాబట్టి చెబుతున్నాను. 1929లో కాజీపేట–బల్లార్షా పట్టాలు కలిశాకే ఢిల్లీ నుంచి మద్రాసుకు తిన్నని దారి ఏర్పడింది. అంతకు ముందు చుట్టు తిరిగి పోవాల్సిందే. ఆ ఏడాదే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. మొదట్లో అది పెషావర్ నుంచి మంగళూరు దాకా, నాలుగు రోజులకు పైగా సాగే ప్రయాణం. అన్ని రోజులు ఇంటి నుంచి కట్టుకొచ్చిన మూట నిలుస్తుందా? మద్రాసు వైపు స్పెన్సర్ వాళ్లు, బొంబాయి వైపు బ్రాండన్ వాళ్లు, కలకత్తా వైపు కెల్నర్ వాళ్లు రైళ్లలోనూ స్టేషన్లలోనూ భోజనాలు నడిపేవాళ్లు. నాయిన పనిలో చేరేనాటికి స్వాతంత్య్రం వచ్చి పదేళ్లయింది కానీ వాళ్ల దగ్గర పని నేర్చుకున్న ముసలి బట్లర్లు ఇంకా ఉన్నారు. పులుసును గిన్నె నిండా పోయొద్దు, బండి వంపు తిరిగేటప్పుడు టీ వంచొద్దు, బల్ల మీద గుడ్డ కాస్త తడిపి పరిస్తే పళ్లేలు జారవు, ఇవన్నీ నాయినకు వాళ్లు చెప్పినవే.

ఆ రోజుల్లో బోగీ నుంచి బోగీకి లోపలి నుంచి దారి ఉండేది కాదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. తినాలంటే బండి ఆగినప్పుడు దిగి, ప్లాట్‌ఫారం మీద గబగబా నడిచి, డైనింగ్ కారు ఎక్కాలి. తిన్నాక బండి మళ్లీ ఆగేదాకా అక్కడే కూర్చోవాలి. బల్లార్షాలో ఎక్కినవాళ్లు కాగజ్‌నగర్‌లోనో ఇంకా ముందుకు పోయో దిగేవాళ్లు. భోజనం పావుగంటలో అయిపోతుంది, మిగతా సమయమంతా ఎదుటివాడి ముఖం చూస్తూ కబుర్లే. ఒక నాగపూర్ బత్తాయిల వ్యాపారి, ఒక మద్రాసు వకీలు ఆ బల్ల దగ్గరే పిల్లల సంబంధం మాట్లాడుకున్నారని నాయిన చెప్పేవాడు. అందులో ఎంత నిజమో నాకు తెలియదు, నాయినకు కథ పొడిగించే అలవాటుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి లోపలికి తీసుకుపోయాడు. బండికి నీళ్లు పట్టేదాకా మాకు సమయం దొరికింది. వంట చేసే చోటు ఇద్దరు పక్కపక్కన నిలబడలేనంత ఇరుకు. బొగ్గు పొయ్యి సెగకు నా రెప్పలు మండాయి. సరుకు చెడకుండా అడుగున మంచుగడ్డల పెట్టె, దాని మీద తడి గోనె. వడ్డించే బేరర్ ఎంగిలి పళ్లేలు తెచ్చి కడిగే తొట్టి పక్కన పెట్టాడు. నాయిన గరిటె కింద పెట్టి, ఒక్కో పళ్లెం ఎత్తి చూశాడు. ఒకదాంట్లో అన్నం అయిపోయింది, కూర అట్లాగే ఉంది. చిటికెన వేలితో అంచున తాకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఎంగిలి అని నేను ముఖం చిట్లించాను. “పళ్లెం జూస్తెనే తెలుస్తది బిడ్డా. మనిషి మొహమాటానికి బాగుందంటడు. పళ్లెం అనది,” అన్నాడు. వెంటనే కుండలో రెండు బంగాళాదుంపలు కోసి వేశాడు, ఉప్పు పీలుస్తాయని.

ఇన్నేళ్ల తర్వాత మీకు రాయడానికి కారణం ఆ మాటే.

అయితే ఆ కాలమంతా బంగారమేనని అనను. మీ వ్యాసం కాస్త అట్లా మురిసిపోయింది. అంతకు ముందు తరంలో స్టేషన్లలో మంచినీళ్లకు కూడా హిందువులకొక కుండ, ముసల్మానులకొక కుండ. డైనింగ్ కారు తెల్లగుడ్డలు ఎక్కువగా పై తరగతుల వాళ్లకే. 1917లో గాంధీజీ మూడో తరగతి ప్రయాణాల గురించి రాస్తూ, టీ అని అమ్మే బురదనీళ్లను తిట్టిపోశారు. నాయిన అదే బండిలో కట్లెట్లు వేస్తుంటే, మా అమ్మా మేమూ మూడో తరగతి బోగీలో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట విప్పుకున్న రోజులున్నాయి. బేరర్ మామ ఒకసారి కాగితంలో చుట్టి రెండు కట్లెట్లు తెచ్చిస్తే, నాయినకు మాట వస్తుందని అమ్మ తిప్పి పంపింది. నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత జనం పెరిగారు. బోగీల మధ్య దారులు వచ్చాయి. అందరినీ ఒక బోగీకి రప్పించే బదులు, తిండే బెర్తు దగ్గరికి పోతే ఎక్కువ మందికి అందుతుందనుకున్నారు. బల్లలు తీసేసి పొయ్యిలు పెంచారు. సీడీ పోయి సీబీ వచ్చింది. ఆ లెక్క తప్పని నేననను. మూడో తరగతి జొన్నరొట్టె పిల్లలకు కూడా ట్రే అందింది కదా. కానీ ప్యాంట్రీ డ్యూటీ మొదటి వారం అయిపోయి ఇంటికి వచ్చిన రాత్రి నాయిన కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. “నాలుగు వందల మందికి వండిన. ఒక్కని మొఖం సూడలే,” అన్నాడు. అమ్మ చద్దన్నం పెడితే సగంలో లేచాడు.

2017లో వచ్చిన క్యాటరింగ్ విధానంతో వంట ఒకరిది, వడ్డన ఇంకొకరిది అయింది. ఊళ్లో కిచెన్‌లో వండిస్తారు, బండిలో పంచుతారు. వండినవాడు బండే ఎక్కడు. శుభ్రత కోసం అన్నారు, మంచిదే. కిందటి చలికాలం మా అమ్మాయి దగ్గరికి చెన్నై పోతూ ఒక బండిలో రాత్రి భోజనం తీసుకున్నాను. నాది సైడ్ బెర్తు. ట్రే మోకాళ్ల మీద పెట్టుకుని, రేకు మూత తీసేసరికి పప్పు చీరకొంగు మీద ఒలికింది. చపాతీ చెప్పు అట్టలా ఉంది. ముద్ద ముట్టకుండా మూసేశాను. కాసేపటికి ఒక అబ్బాయి నల్లటి పెద్ద సంచి ఈడ్చుకుంటూ వచ్చాడు. తిన్నవీ తిననివీ అన్ని ట్రేలూ ఆ సంచిలోకే. నా ట్రే బరువుగా ఉందని చేతికి తెలిసి ఉండాలి, అయినా చూడలేదు. ఆ పిల్లవాడి తప్పేముంది? చూసి ఎవరికి చెప్పాలి? ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉంది, నాకూ తెలుసు. ఎంతమంది చేస్తారు? పళ్లెం అయితే ఎవరూ చేయకపోయినా చెప్పేది.

మా మహారాష్ట్రలోనే ముంబై–పుణె మధ్య డెక్కన్ క్వీన్ నడుస్తోంది. 1930 జూన్ 1న మొదలైన ఆ బండికి ఇప్పటికీ డైనింగ్ కారు ఉంది. 2022లో బోగీలన్నీ కొత్తవి వేసినప్పుడు కూడా దాన్ని తీయలేదు, కొత్తది చేయించారు. బల్ల ముందు కూర్చుని ఆమ్లెట్, టోస్టు తింటూ ఘాట్ దిగొచ్చు. ఆ ప్రయాణమెంత? మూడు గంటల పైచిలుకు. ఢిల్లీ–చెన్నై బండ్లలో 30 గంటలకు పైగా కూర్చునే మా లైను వాళ్లకు మాత్రం మోకాళ్లే బల్ల. పుణె వాళ్ల మీద నాకు అసూయ లేదు, వాళ్లు అడిగి నిలుపుకున్నారు. మేం అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. బోగీ నిండా బల్లలు వేస్తే ఒక బోగీ బెర్తులు పోతాయంటారు. వద్దు. ప్యాంట్రీకి ఎలాగూ ఒక బోగీ కేటాయించారు. వంట ఊళ్లలోని కిచెన్లలో చేయిస్తున్నప్పుడు ఆ బోగీలో మునుపటంత చోటెందుకు? సగంలో ఆరు బల్లలు వేయండి. మోకాళ్లు నొప్పులవాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఒంటరిగా పోయేవాళ్లు వంతులవారీగా వచ్చి తింటారు. సామాను ఎవరు చూస్తారని అడుగుతారు. నాయిన నాడు కూడా ఆడవాళ్లు అందుకే తక్కువగా వచ్చేవారట. పక్క బెర్తు వాళ్లకు చెప్పి పోతాం, చాయ్‌కి దిగినప్పుడు చెప్పి పోవడం లేదా? ఆ ఆరు బల్లల దగ్గర మాత్రం స్టీలు పళ్లేలే పెట్టండి, అవి వండించే కాంట్రాక్టరు మనిషి ముందుకే వెనక్కి రావాలి. రోజుకు పది పళ్లేలు చూసినా చాలు.

ఫొటో కింద వాక్యం వచ్చే ఆదివారం సరిచేయగలరు. నా దగ్గర అసలు డైనింగ్ కారు ఫొటో లేదు. నాయిన పొరపాటున జేబులో తెచ్చిన రైల్వే చెంచా ఒకటి ఉంది, కావాలంటే దాని ఫొటో పంపిస్తాను.

ఇట్లు,
ఒక డైనింగ్ కారు వంటమాస్టరు బిడ్డ
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా